టెనెసీ కోన్‌ఫ్లవర్: గ్లేడ్‌లో చూసి, పెరట్లో పెంచుకోవడానికి సమగ్ర మార్గదర్శి

నాష్‌విల్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లు వారాంతం వస్తే పులిహోర కట్టుకుని లాంగ్ హంటర్ స్టేట్ పార్కుకో, పెర్సీ ప్రీస్ట్ జలాశయం ఒడ్డుకో వెళ్తుంటారు. ఆ పార్కు అంచునే, రోడ్డుకి ఆనుకుని, నాష్‌విల్ చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని ఒక పువ్వు ఉందని వాళ్లలో చాలామందికి తెలియదు. దాని పేరు టెనెసీ కోన్‌ఫ్లవర్. శాస్త్రీయ నామం ఎకినేసియా టెనెసియెన్సిస్. మన బంతి, చామంతి, పొద్దుతిరుగుడు, గుంటగలగర ఉన్న కుటుంబమే దీనిదీ. డేవిడ్సన్, రూథర్‌ఫర్డ్, విల్సన్ అనే మూడు కౌంటీలే దీని పుట్టిల్లు. దీని సహజమైన తావులన్నిటినీ ఒక్క పూటలో కారులో చుట్టి రావచ్చు.

అడవిలో ఇంత అరుదైన ఈ పువ్వు పెరట్లో మాత్రం మొండిది, ఏళ్ల తరబడి ఉంటుంది. అయినా చాలామంది చేతిలో చచ్చిపోతుంది. కారణం ప్రేమ ఎక్కువవడం. ఎరువు, నీళ్లు, మెత్తటి నల్లమట్టి, పైన చెక్కపొట్టు, పక్కన ఇంకో నాలుగు రకాల కోన్‌ఫ్లవర్లు. ఇందులో ప్రతిదీ దానికి చేటే. దాన్ని ఆకలిగా ఉంచాలి, ఎండలో ఉంచాలి, చుట్టాలకి దూరంగా ఉంచాలి. ఎలాగన్నది ఒక్కో అడుగుగా చెప్తాను.

ముందుగా కొంచెం చరిత్ర

ఇది తెలియకపోతే తర్వాత చెప్పే జాగ్రత్తలు చాదస్తంలా అనిపిస్తాయి.

జర్మనీ నుంచి అమెరికా వచ్చి టెనెసీలో స్థిరపడిన ఆగస్టిన్ గాటింగర్ అనే వైద్యుడికి మొక్కల పిచ్చి. ఆయన 1878లో లావర్న్ అనే ఊరి దగ్గర ఈ మొక్కను సేకరించారు. అప్పటికి అది వేరే జాతి అని ఎవరూ అనుకోలేదు. 1898లో బీడిల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దీన్ని కొత్త జాతిగా వర్ణించాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఎవరి కంటా పడకపోవడంతో అంతరించిపోయిందనే అనుకున్నారు. 1960ల చివర్లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న ఎల్సీ క్వార్టర్‌మన్, ఆమె దగ్గర పనిచేసిన బార్బరా టర్నర్ దీన్ని మళ్లీ గుర్తించారు. క్వార్టర్‌మన్ మామూలు మనిషి కాదు. వాండర్‌బిల్ట్‌లో ఒక విభాగానికి అధిపతి అయిన తొలి మహిళ. 103 ఏళ్లు బతికి 2014లో పోయారు. జీవితమంతా ఈ పువ్వు పెరిగే రాతి నేలల మీదే పరిశోధన చేశారు. ఆ నేలల్ని గ్లేడ్లు అంటారు. ఇప్పుడు ఆమె పేరు మీద ఒక గ్లేడ్ కూడా ఉంది.

1979లో అమెరికా ప్రభుత్వం అంతరించే జాతుల్ని కాపాడే చట్టం కింద, దీన్ని ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. భూములు కొన్నారు, కంచెలు వేశారు, గింజలు చల్లి కొత్త గుంపుల్ని మొలిపించారు, కమ్ముకొస్తున్న చెట్లని నరికారు. ముప్పై ఏళ్లు దాటాక, 2011లో, ఇక ప్రమాదం తప్పిందని జాబితా నుంచి తీసేశారు. ఆ చట్టం కింద ఇలా కోలుకుని బయటపడ్డ మొక్కలు చాలా తక్కువ.

జాబితాలో లేదు కదా అని ధీమా పడక్కర్లేదు. నాష్‌విల్ ఎంత వేగంగా పెరుగుతోందో ఆ చుట్టుపక్కల ఇల్లు కొన్నవాళ్లకి నేను చెప్పనవసరం లేదు. మనం ఇళ్లు కట్టుకున్న కొత్త కాలనీలు, ఈ పువ్వు బతికే సున్నపురాయి పలకలు ఒకే మూడు కౌంటీల్లో ఉన్నాయి.

మొదటి అడుగు: గ్లేడ్ అంటే ఏమిటో అర్థం చేసుకోండి

తొందరపడి ఈ భాగం దాటేయకండి. మొక్కను పెంచడంలో సగం విద్య ఇక్కడే ఉంది.

మధ్య టెనెసీలో భూమి అడుగున సున్నపురాయి అడ్డంగా పలకలు పలకలుగా పరుచుకుని ఉంటుంది. కొన్నిచోట్ల ఆ రాయి పైకే కనిపిస్తుంది, లేదా దాని మీద కొద్ది అంగుళాల మట్టి మాత్రమే ఉంటుంది. అక్కడ పెద్ద చెట్లు వేరు పట్టలేవు. అంచుల్లో మాత్రం తూర్పు ఎర్ర సీడర్ చెట్లు ఉంటాయి. పేరుకి సీడర్ గానీ అది జూనిపర్ జాతి చెట్టు. మధ్యలో ఎండకి తెరుచుకున్న ఆ రాతి మైదానాన్నే సీడర్ గ్లేడ్ అంటారు.

చలికాలం, వసంతం మొదట్లో వాన నీళ్లు రాయి లోపలికి తొందరగా ఇంకక పైనే నిలిచి, నేల చిత్తడిగా ఉంటుంది. జూన్ దాటితే అదే నేల పెనంలా కాలుతుంది. ఈ రెండు కొసల్నీ తట్టుకునే మొక్కలు కొన్నే ఉంటాయి. మన కోన్‌ఫ్లవర్ తన పొడవాటి తల్లివేరును రాళ్ల పగుళ్లలోకి దింపి ఈ కష్టాన్ని గట్టెక్కుతుంది.

చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. ఈ మొక్కకి రాళ్లంటే ఇష్టమనీ, పేద మట్టి లేకపోతే బతకదనీ అనుకుంటారు. అది నిజం కాదు. మంచి మట్టిలోనూ పెరుగుతుంది. కానీ మంచి మట్టిలో దాని పక్కన ఇంకా వేగంగా, ఇంకా ఎత్తుగా పెరిగే మొక్కలు వస్తాయి. వాటి నీడలో ఇది నిలవలేదు. గ్లేడ్‌లో దానికి దొరికేది పోటీ లేకపోవడం. సీడర్ చెట్లు, పొదలు కమ్ముకుంటే అడవిలో కూడా ఇది తగ్గిపోతుంది. అందుకే సంరక్షణ సిబ్బంది అప్పుడప్పుడు చెట్లు నరుకుతారు, కొన్నిచోట్ల అదుపులో ఉంచి నిప్పు కూడా పెడతారు. సంరక్షిత ప్రాంతంలో నరికిన చెట్లు, కాలిన నేల కనిపిస్తే ఎవరో పాడు చేశారని కంగారు పడకండి.

రెండో అడుగు: దాని తావులోనే ఒకసారి చూడండి

గింజలు కొనే ముందు మొక్కను సహజమైన చోట చూడాలని నా పట్టుదల. ఫొటోలు వంద చూసినా రాని అవగాహన అక్కడ ఒక గంట తిరిగితే వస్తుంది. మట్టి ఎంత పలచగా ఉందో, పక్కమొక్కకీ దీనికీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూస్తే, పెరట్లో ఏం చేయకూడదో దానంతట అదే తెలిసిపోతుంది.

అందరికీ సులువైనది కౌచ్‌విల్ సీడర్ గ్లేడ్. లాంగ్ హంటర్ స్టేట్ పార్కుకి ఆనుకునే ఉంటుంది. నాష్‌విల్ నుంచి ట్రాఫిక్‌ని బట్టి అరగంట, నలభై నిమిషాలు. నడవడానికి చదునైన కాలిబాట ఉంది, పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లినా ఇబ్బంది లేదు. లెబనాన్ ఊరి వైపు వెళ్లేవాళ్లకి వెస్టా, వైన్ అనే గ్లేడ్లు ఉన్నాయి.

పువ్వులు మే చివర్లో మొదలై వేసవంతా అక్కడక్కడా కనిపిస్తాయి. నిండుగా చూడాలంటే జూన్‌లో వెళ్లండి, అదీ ఉదయం పూట. మధ్యాహ్నం ఆ రాయి మీద నిలబడటం కష్టం, నీడ ఉండదు. పొద్దున్నే వెళ్తే ఇంకో లాభం ఉంది. ఈ పువ్వులు ఎక్కువగా తూర్పు ముఖంగా ఉంటాయి. ముదిరిన పొద్దుతిరుగుడు పూలలాగే ఇవీ సూర్యుడి వెంట రోజంతా తిరగవు, తూర్పు చూస్తూ ఆగిపోతాయి. మీరు తూర్పు వైపు నిలబడి పడమరకి చూస్తే వందల పూలు ఒక్కసారిగా మీ వైపే చూస్తాయి. వెనక నుంచి ఫొటో తీసి బాగా రాలేదని బాధపడేవాళ్లని చూశాను. రెండో వైపుకి నడిస్తే సరిపోతుంది.

వేసుకోవాల్సినవి: పొడుగు ప్యాంటు, మూసి ఉన్న బూట్లు, మేజోళ్లు, పురుగులు దగ్గరికి రాకుండా ఒంటికి కొట్టుకునే స్ప్రే. టెనెసీ వేసవిలో గడ్డి ఉన్న ప్రతి చోటా టిక్కులు, చిగ్గర్లు అనే కుట్టే చిన్న పురుగులు ఉంటాయి. ఇంటికి రాగానే ఒళ్లంతా, ముఖ్యంగా పిల్లల చెవుల వెనక, చూసుకోండి. నీళ్లు సీసాల నిండా పట్టుకెళ్లండి.

చేయకూడనివి రెండే. కాలిబాట దిగకూడదు, ఏదీ కోయకూడదు. పూజకి ఒక పువ్వే కదా అనుకోవద్దు. రాష్ట్ర సంరక్షిత ప్రాంతంలో పువ్వు, గింజ, ఆకు, రాయి ఏది తీసుకున్నా చట్టవిరుద్ధం. కాలిబాట సంగతి కూడా చిన్నది కాదు. ఈ మొక్క గింజలు గాలికి ఎగరవు, తల్లిమొక్క పాదాల దగ్గరే రాలుతాయి. అంటే మొలకలన్నీ పెద్ద మొక్క చుట్టూ జానెడు మేరలోనే ఉంటాయి. సెల్ఫీ కోసం దగ్గరికి వెళ్లి నిలబడే చోటే వచ్చే తరం ఉంటుంది.

వెళ్లినందుకు మిగతా వాటినీ చూడండి. గాటింగర్ పేరు మీదే ఊదారంగు ప్రెయిరీ క్లోవర్ ఒకటి ఉంది, నేల మీద పాకుతూ కనిపిస్తుంది. మధ్యాహ్నం దాటాక మాత్రమే విచ్చుకునే ఫేమ్‌ఫ్లవర్, నేలబారు నాగజెముడు కూడా ఉంటాయి. అమెరికాలో, అదీ టెనెసీలో, నాగజెముడు చూసి మన ఊరి చేలగట్లు గుర్తొచ్చాయన్నవాళ్లు ఉన్నారు.

మూడో అడుగు: గుర్తుపట్టడం నేర్చుకోండి

నర్సరీల్లో, పక్కింటి తోటల్లో ఎక్కువగా కనిపించేది పర్పుల్ కోన్‌ఫ్లవర్, అంటే ఎకినేసియా పర్పూరియా. దీనికీ మన మొక్కకీ తేడా తెలియాలి.

ముందు ఆకు చూడండి. పువ్వు లేని కాలంలో కూడా ఇది పనికొస్తుంది. పర్పుల్ కోన్‌ఫ్లవర్ ఆకు వెడల్పుగా, అంచుల్లో పళ్లతో ఉంటుంది. టెనెసీ కోన్‌ఫ్లవర్ ఆకు సన్నగా, పొడుగ్గా, బల్లెం మొనలా ఉంటుంది, అంచు సాఫీగా ఉంటుంది. కాడ మీద, ఆకు మీద నూగు చేతికి గరుగ్గా తగులుతుంది. ఆకులు చాలావరకు మొక్క మొదట్లోనే గుత్తిగా ఉంటాయి.

తర్వాత రెక్కలు. పర్పుల్ కోన్‌ఫ్లవర్ రెక్కలు పువ్వు ముదిరేకొద్దీ కిందికి వాలతాయి. టెనెసీ కోన్‌ఫ్లవర్ రెక్కలు అడ్డంగా చాచుకుని, కొసలు కొంచెం పైకి లేచి ఉంటాయి. రంగు గులాబీ కలిసిన ఊదా. మధ్య బొడిపె రాగిరంగులో, లేతగా ఉన్నప్పుడు కొంచెం ఆకుపచ్చగా ఉంటుంది. ఎత్తు మామూలుగా అడుగున్నర నుంచి రెండడుగులు. పర్పుల్ కోన్‌ఫ్లవర్ మూడు, నాలుగు అడుగులు పోతుంది.

రెక్కలు పైకి ఉన్నాయి గానీ ఆకు వెడల్పుగా ఉంది, మొక్క నడుము దాకా పెరిగింది అంటే అది సంకరం అయ్యుండే అవకాశం ఎక్కువ. అసలు తంటా అక్కడే.

నాలుగో అడుగు: అసలైన గింజ సంపాదించండి

కోన్‌ఫ్లవర్ జాతులు ఒకదానితో ఒకటి తేలిగ్గా కలుస్తాయి. తేనెటీగకి జాతిభేదం లేదు. ఒక నర్సరీలో రెండూ పక్కపక్కన ఉంటే, టెనెసీ మొక్క నుంచి తీసిన గింజలో సగం రక్తం పర్పుల్‌ది కావచ్చు. ‘రాకీ టాప్’ అనే పేరుతో మార్కెట్లో బాగా దొరికేది ఇలాంటి సంకరమే. అందంగానే ఉంటుంది, పూలు బాగా పూస్తుంది. పూల కోసమే అయితే కొనుక్కోండి, తప్పు లేదు. కానీ దాని మీద టెనెసీ కోన్‌ఫ్లవర్ అని చీటీ ఉన్నా, మీ దగ్గర ఉన్నది ఆ అరుదైన జాతి కాదు.

పెద్ద పెద్ద షాపుల్లో వెతక్కండి. స్థానిక మొక్కలు మాత్రమే పెంచే నర్సరీలు మధ్య టెనెసీలో ఉన్నాయి, వసంతంలో స్థానిక మొక్కల అమ్మకాలు కూడా జరుగుతాయి. అమ్మేవాళ్లని ఇలా అడగండి: ఈ గింజ మొదట ఎక్కడి నుంచి వచ్చింది? మీ దగ్గర వేరే కోన్‌ఫ్లవర్లు ఉన్నాయా, ఉంటే ఎంత దూరంలో ఉన్నాయి? ఇది తవ్వి తెచ్చినదా, గింజ నుంచి పెంచినదా? సరైన మనిషైతే మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్తాడు, పైగా మీరు అడిగినందుకు సంతోషిస్తాడు. తవ్వి తెచ్చింది అని తెలిస్తే అక్కడి నుంచి వచ్చేయండి.

ఇంకో మాట. ఇమ్యూనిటీకి మంచిదని ఎకినేసియా మాత్రలు, టీలు ఇక్కడ ప్రతి మందుల షాపులో దొరుకుతాయి. అవి పర్పూరియా, అంగుస్టిఫోలియా వంటి సాగు చేసే జాతుల నుంచి వస్తాయి. ఆ ఆశతో దీని వేరు తవ్వే ఆలోచన పెట్టుకోవద్దు.

ఐదో అడుగు: గింజకి చలి చూపించండి

పొడి గింజని ఏప్రిల్లో కుండీలో వేసి నీళ్లు పోస్తే ఒకటో రెండో మొలుస్తాయి, లేదా ఏమీ మొలవవు. ఈ గింజ లోపల ఒక తాళం ఉంటుంది. తడిగా ఉండి, చలిలో కొన్ని వారాలు గడిపితేనే అది తెరుచుకుంటుంది. శరదృతువులో రాలిన గింజ వెంటనే మొలిచి చలికి చచ్చిపోకుండా ప్రకృతి పెట్టిన ఏర్పాటు ఇది. దీనికి రెండు దారులు ఉన్నాయి.

మొదటిది ఫ్రిజ్ దారి. జనవరి చివర్లో మొదలుపెట్టండి. గుప్పెడు ఇసుకని తడిపి, గట్టిగా పిండితే ఒక్క చుక్క కూడా కారనంత తడి ఉంచండి. గింజలు అందులో కలిపి జిప్ సంచిలో వేసి, తేదీ రాసి, ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. ఫ్రీజర్లో వద్దు. నాలుగైదు డిగ్రీల సెల్సియస్ చాలు. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంచండి. వారానికోసారి తీసి చూస్తే చాలు: ఇసుక పొడిబారితే నాలుగు చుక్కలు, బూజు కనిపిస్తే కొత్త ఇసుక. ఇంట్లో అందరికీ చెప్పి పెట్టడం మర్చిపోవద్దు, లేకపోతే ఎవరో పాడైన మసాలా అనుకుని చెత్తలో పారేస్తారు.

రెండోది పాలడబ్బా దారి. నాకు ఇదే నచ్చుతుంది. రోజూ పెరుగు తోడుపెట్టే ఇంట్లో గాలన్ పాల డబ్బాలకి కొదవ ఉండదు. డబ్బా అడుగున నాలుగైదు చిల్లులు పెట్టండి. పిడి కింద వరకు అడ్డంగా చుట్టూ కోసి, ఒక వైపు మాత్రం మడత ఉండేలా వదిలేయండి. నాలుగు అంగుళాల మేర కుండీమట్టి నింపి తడపండి. గింజలు పైన చల్లి, కనపడీ కనపడనంత మట్టి గానీ ఇసుక గానీ చల్లండి. ఈ గింజ మొలవడానికి వెలుతురు కూడా సాయం చేస్తుంది, లోతుగా పూడ్చకండి. డబ్బా మూసి, కోసిన చోట టేప్ వేసి, మూత మాత్రం తీసేసి, డిసెంబర్ చివర్లోనో జనవరిలోనో బయట పెట్టేయండి. మంచు పడనీ, వాన పడనీ, గడ్డ కట్టనీ. మార్చి, ఏప్రిల్‌లో సమయం వచ్చినప్పుడు వాటంతట అవే మొలుస్తాయి. ఎండలు పెరిగిన రోజుల్లో డబ్బా పైభాగం తెరిచి ఉంచండి, లేకపోతే లోపల ఉడికిపోతాయి.

ఫ్రిజ్‌లోంచి తీసిన గింజలైతే మార్చి చివర్లో చిన్న కుండీల్లో, అంతే పైపైన విత్తి, వెలుతురు బాగా పడే వెచ్చటి కిటికీ దగ్గర పెట్టండి. మొదట వచ్చే రెండు ఆకులు గుండ్రంగా ఉంటాయి, అవి విత్తనపు ఆకులు. తర్వాత వచ్చే సన్నటి ఆకు చూస్తేనే అసలు మొక్క ముఖం తెలుస్తుంది.

కనీసం నాలుగైదు మొక్కలు పెంచండి. కోన్‌ఫ్లవర్లు సాధారణంగా తమ పుప్పొడితో తాము గింజ పట్టవు, వేరే మొక్క పుప్పొడి కావాలి. ఒంటరి మొక్క పూస్తుంది గానీ గింజలు చాలావరకు తాలుగా ఉంటాయి.

ఆరో అడుగు: చోటు, మట్టి

ఎండ ఎంత ఉంటే అంత మంచిది. రోజుకి ఆరు గంటలు తక్కువలో తక్కువ. దక్షిణం వైపు గోడ పక్కన, డ్రైవ్‌వే అంచున, మెయిల్‌బాక్స్ చుట్టూ, అంటే మిగతా మొక్కలు ఎండకి మాడిపోయే చోట్లే దీనికి అచ్చొస్తాయి.

మధ్య టెనెసీ పెరళ్లలో ఎక్కువగా ఉండేది జిగట బంకమట్టి. చలికాలం అందులో నీళ్లు నిలుస్తాయి. గ్లేడ్‌లోనూ నిలుస్తాయి కదా అని మీరు అడగొచ్చు. అక్కడ నీళ్లు పలచటి పొరలో ఉండి రాళ్ల పగుళ్లలోంచి జారిపోతాయి, ఎండ రాగానే ఆవిరవుతాయి. పెరటి బంకమట్టిలో గొయ్యి తీసి నాటితే ఆ గొయ్యి గిన్నెలా నీళ్లు పట్టుకుని తల్లివేరుని కుళ్లబెడుతుంది. అందుకని గొయ్యి తియ్యకండి, దిబ్బ చెయ్యండి. ఆరు నుంచి ఎనిమిది అంగుళాల ఎత్తు చాలు. పెరటి మట్టి ఒక వంతు, ముతక ఇసుక గానీ సన్న కంకర గానీ ఒక వంతు కలపండి. టెనెసీలో దొరికే కంకర చాలావరకు సున్నపురాయే, అదే ఇంకా మంచిది, ఈ మొక్కకి సున్నం పడుతుంది. పక్కన బ్లూబెర్రీలు ఉంటే మాత్రం వాటికి పడదు, దూరంగా పెట్టండి.

కంపోస్ట్, ఆవు పేడ, బస్తాల్లో దొరికే ఎరువు ఏదీ వద్దు. ఎరువు పడితే మొక్క ఎత్తుగా, మెత్తగా పెరిగి మొదటి గాలివానకే పడిపోతుంది. చెక్కపొట్టు కూడా మొదలు చుట్టూ వెయ్యొద్దు, అది తేమ పట్టి మొదలు కుళ్లడానికి దారి తీస్తుంది. పైన అంగుళం మందాన సన్న కంకర పరిస్తే కలుపు తగ్గుతుంది, మొదలు పొడిగా ఉంటుంది, రాలిన గింజ మొలవడానికి సందు దొరుకుతుంది.

అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లు లోతైన కుండీలో పెంచుకోవచ్చు. వెడల్పు కన్నా లోతు ముఖ్యం, అడుగుకి పైన ఉండాలి.

ఏడో అడుగు: నాటడం, మొదటి ఏడాది

నారు నాలుగైదు నిజమైన ఆకులు వేశాక, మంచు భయం పోయాక, అంటే ఏప్రిల్ మూడో వారం తర్వాత నాటండి. వసంతంలో కుదరకపోతే సెప్టెంబర్ చివర కూడా మంచి సమయమే. మొక్కకీ మొక్కకీ మధ్య అడుగు, అడుగున్నర ఖాళీ ఇవ్వండి. వేరు మెలి తిరగకుండా నిటారుగా దించండి. కుండీలో మట్టి ఏ మట్టానికి ఉందో నేలలో కూడా అదే మట్టానికి ఉండాలి.

ఆలోచించి ఒకేసారి చోటు ఖాయం చేసుకోండి. తల్లివేరు దిగాక పీకి ఇంకో చోట పెట్టడమంటే దాదాపు చంపడమే.

మొదటి వేసవిలో మాత్రం నీళ్లు పోయాలి. వానలు లేకపోతే వారానికోసారి, బాగా లోపలికి ఇంకేలా. రోజూ పైపైన చిలకరిస్తే వేరు కిందికి దిగాల్సిన అవసరమే దానికి తెలియదు. స్ప్రింక్లర్ పరిధిలో నాటకపోవడం మేలు. రెండో ఏడాది నుంచి దీర్ఘంగా ఎండలు కాస్తే తప్ప నీళ్ల జోలికి పోవద్దు.

మొదటి ఏడాది పువ్వు రాకపోవచ్చు. నేలబారుగా కొన్ని ఆకులు, అంతే. టెన్షన్ పడకండి, పని అంతా కింద జరుగుతోంది. చలికాలం పైభాగం పూర్తిగా ఎండిపోతుంది, చచ్చిపోయిందని తవ్వేసేవాళ్లు ఉంటారు. ఏప్రిల్ దాకా ఆగండి. రెండో ఏడో, మూడో ఏడో పూస్తుంది, ఆ తర్వాత ఏటా పూస్తూనే ఉంటుంది.

ఎనిమిదో అడుగు: రోగాలు, పురుగులు

కుందేళ్లు లేత మొక్కల్ని మొదలంటా కొరికేస్తాయి. మొదటి ఏడాది చుట్టూ చిన్న తీగవల కట్టండి. జూన్, జూలైలో మెరిసే రాగి రెక్కల జపనీస్ పురుగులు పూరెక్కల్ని తింటాయి. పొద్దున్నే అవి మందకొడిగా ఉన్నప్పుడు సబ్బునీళ్ల గిన్నెలోకి దులిపేస్తే సరి. మందు కొట్టకండి, కొడితే తేనెటీగలు కూడా పోతాయి, గింజ పట్టదు.

భయపడాల్సింది ఆస్టర్ ఎల్లోస్ అనే రోగానికి. పువ్వు మధ్యలోంచి పచ్చటి ఆకుల్లాంటివి పుట్టుకొస్తాయి, రెక్కలు ఆకుపచ్చగానే ఉండిపోతాయి, మొక్క వంకర తిరుగుతుంది. ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి దీనికి కారణం. ఆకుల మీద గెంతే దీపపు పురుగు లాంటి చిన్న పురుగు దాన్ని మొక్క నుంచి మొక్కకి చేరుస్తుంది. మందు లేదు. వేరుతో సహా పీకి చెత్తబుట్టలో వేయాలి. పెరట్లో పెట్టే బంతి, చామంతిలకి కూడా ఈ రోగం వస్తుంది, కాబట్టి ఒక మొక్క మీద జాలిపడి ఉంచేస్తే బతుకమ్మకీ దసరాకీ పెంచుకున్న బంతి వరుస కూడా పోవచ్చు.

తొమ్మిదో అడుగు: గింజ తీయడం, చీటీ రాయడం

పువ్వు రెక్కలు రాలి, బొడిపె గట్టిగా గోధుమరంగుకి వచ్చాక, సెప్టెంబర్, అక్టోబర్‌లో తలలు కోయండి. చేతికి తొడుగు వేసుకోండి, ఆ బొడిపె గుచ్చుకుంటుంది. కాగితపు సంచిలో వేసి వారం ఆరనిచ్చి, సంచిని నేలకేసి కొట్టండి. గింజ లేత గోధుమరంగులో, నాలుగు పలకలుగా, గోటితో నొక్కితే గట్టిగా ఉంటుంది. నొక్కితే నలిగిపోయేది తాలు. అన్ని తలలూ కోసెయ్యకండి. గోల్డ్‌ఫించ్ అనే పసుపు పిట్టలు వాటి కోసం వస్తాయి, వాటి వాటా వదిలేయండి.

ఆరిన గింజని కాగితపు కవర్లో పెట్టి, ఏ నర్సరీ గింజ, ఏ ఏడాది, పక్కన వేరే కోన్‌ఫ్లవర్లు ఉన్నాయా లేవా అన్నది రాయండి. మీ పెరట్లో, పక్కింటి పెరట్లో పర్పుల్ కోన్‌ఫ్లవర్ ఉంటే ఆ గింజని టెనెసీ కోన్‌ఫ్లవర్ అని ఎవరికీ ఇవ్వకండి. “తోట గింజ, కలిసి ఉండొచ్చు” అని రాసి ఇవ్వండి. శుద్ధమైన గింజ కావాలంటే దారి ఒక్కటే, పెరట్లో ఇంకే కోన్‌ఫ్లవర్నీ ఉంచకపోవడం. కాలనీల్లో పక్కవాళ్ల తోటని మనం ఆపలేం. అలాంటప్పుడు పూలు విచ్చుకోక ముందే సన్నటి ఆర్గాంజా సంచులు కట్టి, విచ్చుకున్నాక మీ సొంత మొక్కల మధ్యే మెత్తటి కుంచెతో పుప్పొడి మార్చవచ్చు. ఓపిక ఉన్నవాళ్ల పని అది.

చివరి అడుగు: గింజని అడవిలో చల్లవద్దు

మంచి మనసుతో చాలామంది చేసే పొరపాటు ఇది. దగ్గర్లో గ్లేడ్ ఉంది, చేతిలో గింజలు ఉన్నాయి, చల్లితే జాతి పెరుగుతుంది కదా అనిపిస్తుంది. ఇన్ని తక్కువ చోట్ల మిగిలిన మొక్కకి సంకరం గింజ ఒక్కటి చేరినా, కొన్ని తరాల్లో అసలు జాతి ఏదో, కలిసినది ఏదో విడదీయలేని పరిస్థితి వస్తుంది. ముప్పై ఏళ్ల శ్రమని గుప్పెడు గింజలు నీరుగార్చగలవు. గ్లేడ్‌కి దగ్గర్లో ఇల్లు ఉన్నవాళ్లు పెరట్లో పర్పుల్ కోన్‌ఫ్లవర్, ‘రాకీ టాప్’ లాంటివి పెట్టకపోతేనే ఈ పువ్వుకి ఎక్కువ మేలు.

సాయం చేయాలని ఉంటే రాష్ట్ర పర్యావరణ శాఖలోని సహజ ప్రాంతాల విభాగం వాళ్లని అడగండి. ఈ గ్లేడ్లని చూసుకునేది వాళ్లే. కమ్ముకొస్తున్న పొదల్ని, బయటి నుంచి వచ్చిన కలుపుని తీసే పనికి చేతులు ఎప్పుడూ తక్కువే. మీ సొంత స్థలంలోనే రాతి పలకలు, పలచటి మట్టి, సీడర్లు ఉంటే ఇల్లు కట్టే ముందు ఒకసారి వాళ్లకి చూపించండి.

ఇండియాకి గింజలు పంపమని అడిగితే

తప్పకుండా అడుగుతారు. ఫొటో వాట్సాప్‌లో పెట్టిన సాయంత్రమే హైదరాబాద్ నుంచో, రాజమండ్రి నుంచో పిన్నిగారి మెసేజ్ వస్తుంది. సూట్‌కేసులో వేసుకుని వెళ్లకండి. భారతదేశంలోకి మొక్క గింజలు తేవాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆదేశం ప్రకారం దిగుమతి అనుమతి, అమెరికా వ్యవసాయ శాఖ ఇచ్చే, గింజకి రోగాలు లేవనే ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. విమానాశ్రయంలో పట్టుబడితే గింజలు పోవడంతో పాటు చికాకు కూడా. పైగా పని కూడా జరగదు. ఈ మొక్కకి ఏటా చలికాలం నిద్ర కావాలి. గింజని ఫ్రిజ్‌లో పెట్టి మొలిపించినా, కోస్తా ఉక్కలో, ఆగస్టు వానల్లో మొదలు కుళ్లిపోతుంది. అమెరికాలోనే ఉన్న చుట్టాలకి మాత్రం నిశ్చింతగా ఇవ్వండి: వర్జీనియా, ఒహాయో, ఇల్లినాయి, మిస్సోరీ లాంటి చోట్ల, ఎండ పడే ఎత్తైన దిబ్బ మీద హాయిగా పెరుగుతుంది. డాలస్ వాళ్లు అడిగినా ఇవ్వొచ్చు. అక్కడి సున్నపు మట్టి పనికొస్తుంది గానీ నల్ల బంకమట్టిలో దిబ్బ ఇంకొంచెం ఎత్తుగా చేసుకోమనండి, మధ్యాహ్నం తర్వాత గంటో రెండు గంటలో నీడ ఉన్నా పర్వాలేదనండి.